శివనసముద్రం ఒక్కరోజు బస్సు ట్రిప్పు: ఇంతా వెళ్తే జలపాతం దగ్గర ఇరవై నిమిషాలేనా?

మారతహళ్ళి_మాధవి
పోయిన ఆదివారం అమ్మనీ పిన్నినీ తీసుకుని బెంగళూరు నుంచి శివనసముద్రం బస్సు ట్రిప్పుకి వెళ్ళొచ్చాను. కర్ణాటకలో కావేరి మీద గగనచుక్కి, భరచుక్కి అని రెండు జలపాతాలున్న చోటు అది. మాది ప్రొద్దుటూరు. కావేరి పొంగుతోందని టీవీలో చూసినప్పటినుంచీ అమ్మది ఒకటే మాట, "ఆ నీళ్ళు ఒక్కసారి దగ్గరగా చూడాలమ్మా" అని. గైడు ఉంటాడు, డ్రైవింగ్ టెన్షన్ ఉండదు, పెద్దవాళ్ళకి సుఖం అనుకుని మూడు సీట్లు తీసుకున్నాను.

రోజంతా ఎలా గడిచిందో చూడండి. 5:45కి మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరికి రమ్మన్నారు. బస్సు వచ్చింది 6:30కి. అక్కణ్ణుంచి బెళ్ళందూరు, సిల్క్‌బోర్డు, జయనగర, బనశంకరి. ప్రతిచోటా రాని మనిషి కోసం ఎదురుచూపులు. ఊరు దాటేసరికి 8:20. కనకపుర రోడ్డులో టిఫినుకి ముప్పావు గంట. సోమనాథపురం గుడి పదకొండున్నరకి, ఇసకలో గుళ్ళున్న తలకాడు ఒంటిగంటన్నరకి, మిట్ట మధ్యాహ్నం ఆ ఇసకలో నడక. భోజనం మూడింటికి. తర్వాత మధ్యరంగడి గుడి. గగనచుక్కి దగ్గర దిగేటప్పటికి 4:50. "ఇరవై నిమిషాలే, ఆలస్యమైతే బస్సు ఆగదు" అన్నాడు గైడు. అక్కణ్ణుంచి భరచుక్కికి పరుగు. అక్కడ కిందికి దిగే మెట్ల గేటుకి అప్పటికే తాళం.

గగనచుక్కి దగ్గర అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. జలపాతం లోయకి అవతల ఉంది. హోరు వినిపిస్తోంది కానీ చెయ్యి చాచినా ఒక్క తుంపర పడలేదు. "ఇంత దూరమా" అంది. తిరిగి ఇల్లు చేరేదాకా మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను ఏమైనా అని ఉంటే బాగుండేది.

అన్ని బస్సు ట్రిప్పులూ ఇంతేనా? దసరాలోపు అమ్మని మళ్ళీ తీసుకెళ్ళాలి. తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ కంపెనీ పేరు మాత్రం అడక్కండి, రాయను.

పలమనేరు_పిల్లగాడు
సొంత కారు తీసుకెళ్ళండక్కా. 130 కిలోమీటర్లే కదా. పొద్దున ఐదున్నరకి బయల్దేరితే తొమ్మిదికల్లా అక్కడుంటారు. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

గాజువాక_రావు
తమ్ముడూ, పాతికేళ్ళ వయసులో ఆ మాట బాగానే ఉంటుంది. ఆదివారం సాయంత్రం కనకపుర రోడ్డులో తిరిగి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తలఘట్టపుర దగ్గర గంటన్నర నిలబడ్డాను. నడిపేవాడికి జలపాతం గుర్తుండదు, క్లచ్ నొక్కిన కాలు నొప్పే గుర్తుంటుంది. నా ఓటు బస్సుకే. మాధవి గారి బాధ బస్సు వల్ల వచ్చింది కాదు. ఒక్క రోజులో ఐదు ఊళ్ళు కుక్కారు చూడండి, దానివల్ల వచ్చింది.

నెల్లూరు_నీరజ
మాకూ ఇదే జరిగింది మాధవీ. మా పిల్లలు ఇప్పటికీ ఆ ట్రిప్పుని "ఇడ్లీ ట్రిప్పు" అంటారు. ఎక్కువసేపు కూర్చున్నది హోటల్లోనే కాబట్టి.

వైట్‌ఫీల్డ్_వాసు
నా అనుభవం ఇంకో రకం. 2023 అక్టోబరులో వెళ్ళాం, మాకు టైము బోలెడు ఇచ్చారు. నీళ్ళే లేవు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి కదా. భరచుక్కి దగ్గర నల్లటి రాళ్ళు, వాటి మీద జడపాయల్లా నాలుగు ధారలు. అంతకుముందు 2018 ఆగస్టులో చూశాను. అప్పుడు కొడగులో, వయనాడులో కుండపోత, డ్యాములు నిండిపోయి గేట్లన్నీ ఎత్తేశారు. రాయన్నదే కనిపించలేదు, కాఫీ రంగు నీళ్ళు గోడ కూలినట్టు పడుతున్నాయి. దగ్గరికి వెళ్ళనివ్వలేదు, అయినా చొక్కా తడిసింది. రెండూ ఒకే చోటంటే నమ్మలేం.

కాబట్టి టికెట్టు కొనేముందు బస్సు కంటే డ్యాము సంగతి చూడాలి.

మారతహళ్ళి_మాధవి
డ్యాము సంగతి అంటే? ఏం చూడాలి?

వైట్‌ఫీల్డ్_వాసు
శివనసముద్రానికి నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి కావేరి మీది కృష్ణరాజసాగరం (కేఆర్‌ఎస్) డ్యాము నుంచి, ఇంకోటి కబిని నది మీది డ్యాము నుంచి. రెండు నదులూ టి.నరసీపుర దగ్గర కలుస్తాయి, అక్కణ్ణుంచి తలకాడు మీదుగా కిందికి వస్తాయి. కేఆర్‌ఎస్ పూర్తి మట్టం 124.80 అడుగులు. మట్టం అక్కడికి చేరువైందని, గేట్లు ఎత్తారని కన్నడ పేపర్లో వార్త వస్తే ఇంక ఆలోచించకుండా బయల్దేరవచ్చు.

ఇంకో సంగతి. తమిళనాడుకి వదిలే వాటా కూడా ఈ జలపాతాల మీదుగానే పోతుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రాష్ట్ర సరిహద్దులోని బిళిగుండ్లు దగ్గర ఏడాదికి 177.25 టీఎంసీలు లెక్క చూపాలి. దానికోసం నీళ్ళు వదిలిన రోజుల్లో, ఇక్కడ వాన చినుకు పడకపోయినా జలపాతం నిండుగానే ఉంటుంది. మొత్తం మీద జులై నుంచి అక్టోబరు దాకా మంచి రోజులు. ఎండాకాలం వెళ్తే ఉన్న కాస్త నీళ్ళూ కరెంటు తయారీకి మళ్ళిస్తారు.

కావేరిగట్టు
ఇదంతా చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. తొమ్మిదేళ్ళు ఈ దారిలో టూరిస్టు బస్సుల్లో గైడుగా పనిచేశాను. ఇప్పుడు మానేశాను. మాది కోలారు దగ్గర, ఇంట్లో తెలుగు.

మాధవి గారూ, మీ అమ్మగారికి జరిగినదానికి నాకు నిజంగా కష్టంగా ఉంది. ఆ "ఇరవై నిమిషాలే" అన్న మాట నేనూ కొన్ని వందలసార్లు అన్నాను. ఎందుకు అనాల్సి వస్తుందో చెప్తాను.

బస్సు నిండితేనే ట్రిప్పు గిట్టుబాటు. నిండాలంటే ఊరంతా తిరిగి ఎక్కించుకోవాలి. ఆ రెండు గంటలు ప్రోగ్రాం కాయితంలో ఎక్కడా రాయరు. ఇక కాయితంలో ఎన్ని పేర్లుంటే అన్ని సీట్లు పోతాయి. "రెండు జలపాతాలు" అంటే నలుగురు ఫోన్ చేస్తారు. "ఐదు ప్రదేశాలు" అంటే నలభై మంది. జనం కూడా పేర్లే లెక్కపెడతారు, గంటలు లెక్కపెట్టరు. హోటల్ ముందే మాట్లాడి పెట్టింది. డ్రైవరుకి, గైడుకి అక్కడ భోజనం ఉచితం, కాబట్టి మధ్యలో ఏది కోసినా హోటల్ని కొయ్యరు. గుడి వేళలూ చూసుకోవాలి. కోతపడేది చివరన ఉన్న చోటుకే. జలపాతానికి తలుపులుండవు కదా, ఎప్పుడు వెళ్ళినా ఉంటుందిలే అని దాన్ని చివరికి తోస్తారు. కానీ భరచుక్కి మెట్లకి గేటుంది. సాయంత్రం మూసేస్తారు.

నా చేతిలో ఉంటే వరస ఇలా పెడతాను. పొద్దున్నే నేరుగా మళవళ్ళి మీదుగా గగనచుక్కి. అరగంట చాలు, అది దూరం నుంచి చూసేదే. అక్కణ్ణుంచి వంతెన దాటి కావేరి మధ్యనున్న దీవిలోకి, అక్కడ మధ్యరంగడి దర్శనం. తర్వాత భరచుక్కి, అక్కడ రెండు గంటలు. ఓపికుంటే తిరుగు దారిలో తలకాడు. సోమనాథపురం ఇంకో రోజు. ఆ గుడి 1258లో కట్టింది, 2023లో యునెస్కో జాబితాలో చేరింది. గోడల కింది వరసలో ఏనుగులు, గుర్రాలు, పైన కథలు. దాన్ని గంటలో చూపించి బస్సెక్కమనడం దానికీ అన్యాయమే.

గాజువాక_రావు
చూశారా, నేనన్నదే. ఐదు ఊళ్ళు కుక్కుడు.

పలమనేరు_పిల్లగాడు
ఒప్పుకున్నా అన్నా. కానీ కారైతే ఈ వరస మనమే పెట్టుకోవచ్చు కదా.

నెల్లూరు_నీరజ
కావేరిగట్టు గారూ, ఇంకో ప్రశ్న. మా బస్సులో గైడు కన్నడలోనూ కాస్త హిందీలోనూ చెప్పాడు. మా అత్తగారికి రెండూ రావు. రోజంతా నా మొహమే చూస్తూ కూర్చున్నారు. తెలుగులో చెప్పేవాళ్ళు దొరకరా?

పలమనేరు_పిల్లగాడు
కర్ణాటకలో కన్నడలోనే చెప్తారు కదక్కా, అందులో తప్పేముంది.

నెల్లూరు_నీరజ
తప్పని అన్లేదు తమ్ముడూ. పెద్దావిడకి అర్థం కాలేదని బాధ, అంతే.

కావేరిగట్టు
బస్సు ఎక్కగానే గైడుతో చెప్పండమ్మా, "వెనక రెండు సీట్లు తెలుగువాళ్ళం" అని. బెంగళూరు గైడుల్లో సగంమందికి తెలుగు వస్తుంది. మైకులో చెప్పకపోయినా పక్కకొచ్చి చెప్తారు. సగం మాటలు ఎలాగూ ఒకటే. చుక్కి అంటే కన్నడలో చుక్క. గగనచుక్కి అనగానే మీ అత్తగారికి సగం అర్థమైపోయినట్టే.

బనశంకరి_బామ్మ
నాకు 71 ఏళ్ళు. నేను నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ బస్సులోనే. మాధవీ, మీ అమ్మకి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు నువ్వు. భరచుక్కి మెట్లు దిగడం తేలిక, ఎక్కడమే కష్టం. తడిగా ఉంటాయి కూడా. కిందికి దిగకపోయినా ఫరవాలేదు, పైన చూసే చోటే గగనచుక్కి కంటే ఎంతో దగ్గర. నీళ్ళు వెడల్పుగా, గుర్రపు లాడం ఆకారంలో పడతాయి. నీళ్ళెక్కువున్న రోజు తుంపర పైకే వస్తుంది. అక్కడే ఒక గంట కూర్చోబెట్టు.

తలకాడులో చెప్పులు విప్పి ఇసకలో నడవాలి. మధ్యాహ్నమైతే మందపాటి సాక్సులు పెట్టుకెళ్ళండి, నేనలాగే చేస్తాను. దద్దోజనం డబ్బా సంచి అడుగున పెట్టుకోండి, పైన కనబడితే కోతులు లాక్కుపోతాయి. నా కళ్ళజోడు పెట్టె కూడా తిండి అనుకుని తీసుకుపోయిందొకటి. మంచినీళ్ళు, తువ్వాలు మర్చిపోవద్దు. బాత్రూమ్ ఎక్కడ బాగుంటే అక్కడే వెళ్ళొచ్చెయ్యాలి, అవసరం లేకపోయినా.

మారతహళ్ళి_మాధవి
బామ్మగారూ, అమ్మకి ఎడమ మోకాలు నొప్పి. మీరు చెప్పినట్టే పైన కూర్చోబెడతాను. ఈ మాట ముందే తెలిసి ఉంటే!

కేజీఎఫ్_మనవడు
ఇంతమంది ఇన్ని రాశారు, కరెంటు గురించి వాసు గారు ఒక్క ముక్క అని వదిలేశారు. నేను చెప్పకపోతే మా నాన్న ఊరుకోడు.

శివనసముద్రం కరెంటు మొదట వెలిగించింది బెంగళూరుని కాదు, మా ఊరి గనుల్ని. మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో పని మొదలైంది. 1902లో ఇక్కడ తయారైన కరెంటు 147 కిలోమీటర్ల తీగ మీద కోలారు బంగారు గనులకి వెళ్ళింది. ఆ రోజుల్లో అంత దూరం కరెంటు పంపడమంటే ప్రపంచంలోనే గొప్ప. పాపం, శేషాద్రి అయ్యర్ అది చూడకుండానే 1901లో పోయారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905 ఆగస్టులో, అంటే మూడేళ్ళ తర్వాత.

మా ముత్తాత చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వెళ్ళాడు. తాత, నాన్న కూడా గనివాళ్ళే. 2001 ఫిబ్రవరిలో గని మూసేసేదాకా నాన్న పనిచేశాడు. నేల కింద కిలోమీటర్ల లోతుకి దించే పంజరం, గాలి తోసే ఫ్యాన్లు, నీళ్ళు తోడే పంపులు అన్నీ కరెంటు మీదే. "ఆ నది ఆగితే మా ఊపిరి ఆగేది" అంటాడు నాన్న. ఆయన వయసు 74. ఆ నదిని ఆయన ఇప్పటిదాకా చూడలేదు. నేను పదేళ్ళుగా బెంగళూరులో ఉంటూ ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. ఈ చర్చ చదివాక నిన్న రాత్రి నిద్రపట్టలేదు.

బనశంకరి_బామ్మ
ఇంక ఆలస్యం చెయ్యకు నాయనా. తీసుకెళ్ళు.

గాజువాక_రావు
ఈ సంగతి నాకు తెలీదు. బెంగళూరులో కుళాయి తిప్పితే వచ్చే కావేరి నీళ్ళు కూడా అక్కడికి దగ్గర్లోంచే తోడతారు, మళవళ్ళి పక్కన తొరెకాడనహళ్ళి నుంచి. 1974లో మొదటి దశ, 2024 అక్టోబరులో ఐదో దశ. అంటే ఈ ఊరికి వెలుగూ అక్కణ్ణుంచే, దాహమూ అక్కణ్ణుంచే.

హొసూరు_హరి
మధ్యలో వచ్చి అడుగుతున్నాను. జోగ్ జలపాతానికి ఒక్కరోజు బస్సు ఉందా?

కావేరిగట్టు
దానికి ఒక్కరోజు సరిపోదు. బెంగళూరు నుంచి 400 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కి, పగలు చూసి, మళ్ళీ రాత్రి బస్సు ఎక్కితే కుదురుతుంది, కానీ పెద్దవాళ్ళతో వద్దు. అక్కడ కూడా నీళ్ళు లింగనమక్కి డ్యాము దయ. మీరు హొసూరు కాబట్టి హొగెనకల్ దగ్గర. అదీ ఇదే కావేరి, శివనసముద్రం దాటాక కిందికి పోతే వస్తుంది. అక్కడ పుట్టిలో ఎక్కించి తిప్పుతారు. అయితే వరద ఎక్కువైతే పుట్లు ఆపేస్తారు, కనుక్కుని వెళ్ళండి.

కేజీఎఫ్_మనవడు
ఒక ఆలోచన. పన్నెండు సీట్ల టీటీ (టెంపో ట్రావెలర్) ఒకటి మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది? నేను, నాన్న. మాధవి గారి ఇంట్లో ముగ్గురు. నీరజ గారికి, బామ్మగారికి కుదిరితే సరే. సెలవు పెట్టుకుని వారం మధ్యలో వెళ్దాం. ఎక్కేది ఒకే చోట, బనశంకరి మెట్రో.

నెల్లూరు_నీరజ
అత్తగారితో కలిపి మేం నలుగురం. ఆవిడ వస్తారట, తెలుగులో చెప్పే గైడు ఉంటేనే.

కావేరిగట్టు
గైడు నేను వస్తాను. డబ్బు వద్దు. నా భోజనం బామ్మగారు చూసుకుంటే చాలు.

బనశంకరి_బామ్మ
పులిహోర, దద్దోజనం, మాగాయ. పద.

వైట్‌ఫీల్డ్_వాసు
నేను రాలేను, ఆఫీసు. కానీ మట్టం రోజూ చూసి ఇక్కడ రాస్తాను. ఇవాళ్టి పేపర్లో కేఆర్‌ఎస్ దాదాపు నిండింది అని ఉంది. ఎగువన వానలు ఆగకపోతే వచ్చే వారం గేట్లు ఎత్తొచ్చు.

వైట్‌ఫీల్డ్_వాసు
ఎత్తారు! కబిని నుంచి కూడా వదిలారు. గురువారానికి పెట్టుకోండి.

పలమనేరు_పిల్లగాడు
ఇంకో సీటుందా? కారు ఇంట్లో పెట్టి వస్తా.

నెల్లూరు_నీరజ
లెక్కేస్తే మేం నలుగురం, మాధవి వాళ్ళు ముగ్గురు, మనవడు గారు, వాళ్ళ నాన్నగారు, బామ్మగారు, గైడు గారు. పదకొండు. రా తమ్ముడూ, పన్నెండో సీటు నీదే.

మారతహళ్ళి_మాధవి
నిన్న వెళ్ళొచ్చాం. రాత్రి తొమ్మిదిలోపు ఇల్లు చేరాం, అందుకే ఓపికగా రాయగలుగుతున్నాను.

6:05కి బయల్దేరాం. కావేరిగట్టు గారు దారిలో టిఫినుకి ఇరవై నిమిషాలే ఇచ్చారు. ఈసారి ఆ ఇరవై నిమిషాలకి ఎవరూ బాధపడలేదు. తొమ్మిదిన్నరకి గగనచుక్కి. నీళ్ళు రెండు పెద్ద పాయలుగా విరిగి, పొగలా లేస్తున్నాయి. కేజీఎఫ్ నాన్నగారు ఒక్కరే పక్కకి వెళ్ళి నిలబడ్డారు. వాళ్ళబ్బాయి రాస్తాడు ఆ సంగతి, నేను రాయకూడదు.

భరచుక్కిలో రెండు గంటల పది నిమిషాలు ఉన్నాం. పైన గట్టు మీద అమ్మని కూర్చోబెట్టాను. గాలి ఇటు తిరిగినప్పుడల్లా తుంపర వచ్చి మీద పడుతోంది. మొదట కొంగు తలమీద కప్పుకుంది. కాసేపటికి తీసేసింది. కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మానేసి అలాగే చూస్తూ కూర్చుంది. నెరిసిన జుట్టు నిండా సన్నటి నీటిచుక్కలు, దువ్వెనకి అంటిన మంచులా. "పెన్నలో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో" అంది పిన్నితో. ఆ తర్వాత ఇద్దరూ చిన్నప్పుడు ఏట్లో గుడ్డలు ఉతికిన సంగతులు చెప్పుకున్నారు. తిరుగు దారంతా మాట్లాడుతూనే ఉంది.

తలకాడు వదిలేశాం. ఎవరూ అడగలేదు కూడా.

కేజీఎఫ్_మనవడు
పవర్‌హౌసు లోపలికి మామూలు జనాన్ని పంపరు. దారిలో ఒకచోట కావేరిగట్టు గారు బండి ఆపించి చూపించారు, కొండ మీంచి కిందికి దిగే పెద్ద పైపులు. నాన్న చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇక్కణ్ణుంచేనా" అన్నాడు. అవునన్నాను. అక్కడి మట్టి ఒక గుప్పెడు జేబురుమాల్లో కట్టుకున్నాడు. తాత ఫోటో దగ్గర పెడతాడట.

నెల్లూరు_నీరజ
మా అత్తగారు ఫోన్లో ఊళ్ళో అందరికీ చెప్తున్నారు, "గైడు మన భాషలో చెప్పాడు" అని. జలపాతం సంగతి ఆ తర్వాత.

బనశంకరి_బామ్మ
కోతి ఈసారి మాగాయ సీసా ఎత్తుకుపోయింది. మూత తియ్యలేక కొమ్మ మీద పెట్టుకుని కూర్చుంది. పిల్లగాడు చెట్టు కింద అరగంట కాపలా కాసి తెచ్చిచ్చాడు. మంచి కుర్రాడు.

గాజువాక_రావు
మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు? ఈసారి నాకూ మా ఆవిడకీ రెండు సీట్లు.

వైట్‌ఫీల్డ్_వాసు
నాకూ ఒకటి. సెలవు ఇప్పుడే అడుగుతాను. కేఆర్‌ఎస్ గేట్లు ఇవాళ కూడా తెరిచే ఉన్నాయి.